మూడు సీసాలు మారాయి, చుండ్రు మారలేదు

ప్రశ్న: అన్నా, మాది మిర్యాలగూడ దగ్గర ఒక ఊరు. నాకు ఇరవై ఆరేళ్లు. టౌన్లో బట్టల దుకాణంలో పని చేస్తున్నా. యూనిఫారం నల్ల చొక్కా. పొద్దున పదింటికి వేసుకుంటే పదకొండుకల్లా భుజాల మీద పిండి చల్లినట్టు చుండ్రు. గిరాకీ ముందు చీర విప్పి చూపిస్తుంటే దాని మీద రాలుతుంది. ఒకసారి సేటు అందరి ముందే అన్నాడు. రెండేళ్లలో మూడు రకాల షాంపూలు మార్చాను. ఏదైనా మొదటి వారం బాగుంటుంది, తర్వాత మామూలే. ముక్కు పక్కల, కనుబొమ్మల్లో కూడా ఎర్రబడి పొట్టు లేస్తుంది. దానికి దోస్తు ఒక ట్యూబు ఇస్తే పది రోజులు రాశాను, తగ్గింది, ఆపగానే మళ్లీ వచ్చింది. అమ్మేమో నెత్తి ఎండిపోయింది, రోజూ రాత్రి కొబ్బరినూనె పెట్టు అంటుంది, పెడుతున్నా. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ వల్లే అని బాబాయి అంటాడు. గుట్టకు పోయి గుండు కొట్టించుకో, పోతుంది అని నాయనమ్మ. నువ్వు ఒక్క మంచి షాంపూ పేరు చెప్పన్నా. ఇంకోటి, మా అక్క కొడుకు ఆరేళ్లవాడికి కూడా నెత్తిలో పొట్టు లేస్తుంది, ఒక చోట రూపాయి బిళ్లంత జుట్టు ఊడింది. వాడికి కూడా అదే షాంపూ పెట్టొచ్చా?

సమాధానం:

తమ్మీ, ముందు నా సంగతి చెప్తా. నేను డాక్టర్‌ను కాను. పాలమూరులో మందుల దుకాణం కౌంటర్ వెనక ఇరవై ఏళ్లకు పైగా నిలబడ్డ మనిషిని. "మంచి చుండ్రు షాంపూ ఉంటే ఇవ్వన్నా" అనే మాట వారానికి ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. కొత్తలో నేనేం చేసేవాణ్ణో చెప్పాలంటే సిగ్గే, ఏ సీసా మీద మార్జిన్ ఎక్కువ ఉంటే అది తీసి చేతిలో పెట్టేవాణ్ణి. వెనక్కి తిప్పి చదివింది లేదు. నెల తిరక్కుండానే అదే మనిషి మళ్లీ వచ్చి ఇది పనిచేయలేదంటే ఇంకో రంగు సీసా ఇచ్చేవాణ్ణి. నిన్ను మూడు సీసాల దాకా తిప్పింది నాలాంటివాళ్లే అనుకో.

అందుకే ఈసారి పేరు చెప్పే ముందు నిన్ను ఒకటి అడుగుతా. షాంపూ రుద్దుకున్నాక నెత్తి మీద ఎంతసేపు ఉంచావు?

నువ్వు రాయలేదు కానీ నాకు తెలుసు. పొద్దున దుకాణానికి టైం అవుతుంటుంది, బకెట్లో నీళ్లు పట్టుకుని, చిన్న ప్యాకెట్ చించి, నురగ రాగానే రెండు మగ్గులు గుమ్మరించుకుని బయటపడతావు. అంతా కలిపి అర నిమిషం. నా దుకాణానికి వచ్చిన వందమందిని అడిగితే తొంభైమంది చెప్పేది ఇదే. మామూలు షాంపూకైతే ఆ అర నిమిషం చాలు, దాని పని జిడ్డు కడగడమే కాబట్టి. చుండ్రు షాంపూలో ఉన్నది మందు. ఆ మందు కుదుళ్ల దగ్గర చర్మానికి తగిలి మూడు నుంచి ఐదు నిమిషాలు అక్కడ నిలవాలి. నువ్వు డబ్బులు పెట్టి కొన్న మందంతా మోరీలోకి పోయింది, నీ నెత్తికి నురగ మాత్రం మిగిలింది.

చుండ్రు ఎందుకొస్తుందో కొంచెం తెలిస్తే మిగతాది నేను చెప్పకుండానే నీకు అర్థమవుతుంది. మన అందరి నెత్తి మీదా మలస్సీజియా అనే ఒక ఫంగస్ ఉంటుంది, నీకుంది, నాకుంది, మీ సేటుకూ ఉంది. 1874లో మలస్సే అనే ఫ్రెంచి డాక్టర్ దాన్ని వర్ణించాడు, పేరు ఆయన మీదే వచ్చింది. దానికి తిండి మన చర్మం ఊరించే జిడ్డు. ఆ జిడ్డును విరగ్గొట్టి తిన్నాక ఒలీయిక్ ఆమ్లం లాంటివి మిగులుస్తుంది. కొందరి చర్మానికి అవి ఏమీ చేయవు, కొందరి చర్మానికి మాత్రం పడవు, మండుతుంది, దురద పుడుతుంది. మామూలుగా పైచర్మం కింద నుంచి పైకి వచ్చి రాలిపోవడానికి నెల రోజులు పడుతుంది, అదీ కంటికి కనపడనంత పొడిగా. చర్మం రేగినప్పుడు ఆ పని తొందర తొందరగా జరిగి, కణాలు ఒకదానికొకటి అంటుకుని పెళ్లలుగా ఊడుతాయి. నీ చొక్కా మీద కనపడేది అదే. పెద్దవాళ్లలో దాదాపు సగం మందికి ఎప్పుడో ఒకప్పుడు వచ్చేదే ఇది. నువ్వు మురికిగా ఉన్నావని కాదు, స్నానం చేయట్లేదని కాదు. ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు కూడా. మీ సేటు ఈసారి ఏమైనా అంటే అదన్నా చెప్పు, చెప్పగలిగితే.

ముక్కు పక్కల, కనుబొమ్మల్లో కూడా ఉందన్నావు చూడు, అది రాసి మంచి పని చేశావు. జిడ్డు ఎక్కువ ఊరే చోట్లు అవే, నెత్తి, కనుబొమ్మలు, ముక్కు మడతలు, చెవుల వెనక, గడ్డం, రొమ్ము మధ్య. నెత్తి ఒట్టిగా ఎండిపోయిన మనిషికి ఈ చోట్ల రాదు, చేతులూ కాళ్లూ కూడా పొరలు లేస్తుంటాయి, రాలేది సన్నగా పొడిగా ఉంటుంది. నీది ఆ రకం కాదు. డాక్టర్లు దీన్ని సెబోరిక్ డెర్మటైటిస్ అంటారు, చుండ్రుకు అన్న వరస.

ఇక్కడే అమ్మతో పేచీ వస్తుంది. అమ్మ అబద్ధం చెప్పట్లేదు, ఆమెకు కళ్ల ముందు కనపడింది చెప్తోంది. నూనె పెట్టిన రాత్రి, మర్నాడు పొద్దున చుండ్రు రాలదు. ఎందుకు రాలదంటే పొట్టు నూనెకు తడిసి నెత్తికి అతుక్కుని ఉంటుంది కాబట్టి. ఆరగానే రెండింతలు రాలుతుంది. చర్మం డాక్టర్ ఒకాయన నాకు చెప్పిన సంగతి అమ్మకు కూడా చెప్పు, ఈ ఫంగస్ తనకు కావలసిన కొవ్వు తాను తయారు చేసుకోలేదు, బయట నుంచి అందాల్సిందే, అందుకని ల్యాబులో దీన్ని పెంచాలంటే గిన్నెలో ఆలివ్ నూనె పోసి పెంచుతారట. ల్యాబువాళ్లు దాన్ని పెంచడానికి నూనె పోస్తుంటే మనం దాన్ని చంపడానికి నూనె పోస్తున్నాం. ఈ మాట విన్న రోజు నుంచి నేను చుండ్రు ఉన్నవాళ్లకు నూనె సీసా అమ్మడం మానేశాను. మానేశానంటే అడిగితే ఇస్తా, కానీ ఒక మాట అని ఇస్తా.

మందు వాడే నాలుగు వారాలు రాత్రి నూనె పూర్తిగా బంద్. అమ్మ మనసు కష్టపడుతుంది అంటే ఐతారం నాడు తలస్నానానికి ఒక గంట ముందు కొంచెం పెట్టించుకో, గట్టిపడ్డ పెళ్లలు నానుతాయి, తర్వాత షాంపూతో మొత్తం పోయేలా కడిగేయ్. రాత్రంతా పెట్టుకుని పడుకోవడం మాత్రం వద్దు.

ఇక నువ్వు అడిగిన పేరు. సీసా ముందు వైపు రాసిందంతా వదిలేయ్, ఐస్, కూల్, నిమ్మ, వేప, నూటికి నూరు శాతం, అదంతా. వెనక్కి తిప్పితే చీమ అక్షరాల్లో మందు పేరు, దాని శాతం ఉంటాయి. నీకు నేను చెప్పేది కీటోకొనజోల్ 2 శాతం. నిజోరల్ పేరు విని ఉంటావు, అందులో ఉండేది ఇదే, ఇంకా చాలా కంపెనీలు ఇదే మందుతో తెస్తున్నాయి. పేరు ఏదైనా పర్వాలేదు, మందు, శాతం ఈ రెండూ ఉంటే చాలు. ఇది ఫంగస్ మీద నేరుగా పనిచేస్తుంది, నీలాగా ముఖం దాకా వచ్చినవాళ్లకు నా అనుభవంలో మిగతావాటికన్నా ముందు గుణం కనిపించేది దీనితోనే. కీటోకొనజోల్ మాత్రలు లివర్‌ను పాడు చేస్తాయని ఎవరైనా భయపెడితే కంగారు పడకు. మాత్రల సంగతి నిజమే, కానీ నెత్తికి పెట్టి కడిగేసే షాంపూ నుంచి ఒంట్లోకి పోయేది లేనట్టే.

చుండ్రు కొద్దిగా ఉన్నవాళ్లకు ఇంత దూరం పోనక్కర్లేదు, కిరాణా కొట్లో దొరికే జింక్ పైరిథియోన్ 1 శాతం రకాలు చాలు. హెడ్ అండ్ షోల్డర్స్ 1961లో అమెరికాలో మొదలైంది ఈ మందుతోనే. ఇప్పుడు కొన్ని సీసాల మీద దాని బదులు పిరోక్టోన్ ఒలమైన్ అనే ఇంకో మందు పేరు కనపడుతుంది, ఎందుకంటే ఐరోపా యూనియన్ దేశాల్లో 2022 మార్చి నుంచి షాంపూల వంటి వాటిలో జింక్ పైరిథియోన్ వాడకూడదన్నారు. వాడిన జనానికి ఏదో జరిగి కాదు, పునరుత్పత్తికి హాని చేయవచ్చనే రసాయనాల జాబితాలోకి అది ఎక్కింది, ఆ జాబితాలో ఉన్నవాటిని అక్కడి చట్టం సౌందర్య సాధనాల్లో ఒప్పుకోదు. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఫోన్లో "ఐరోపాలో బ్యాన్ చేసిన విషం మన నెత్తి మీద" అని వీడియో వస్తుంది నీకు, దానికి ముందే తెలిసి ఉండాలని.

సెల్సన్ అని ఒకటుంది, సెలీనియం సల్ఫైడ్ 2.5 శాతం, పనితనంలో తక్కువది కాదు. వాసన మాత్రం నచ్చదు, జుట్టుకు రంగు వేసుకునేవాళ్లకు రంగు మారొచ్చు, వేలికి వెండి ఉంగరం ఉంటే తీసి పెట్టుకోవాలి. నేను తీయలేదు, మా పెళ్లి నాటి ఉంగరం నల్లగా అయింది, ఇంట్లో రెండు రోజులు మాటల్లేవు. పెళ్లలు మందంగా గట్టిగా కట్టేవాళ్లకు శాలిసిలిక్ ఆమ్లం ఉన్న షాంపూ ముందు వాడితే పొర మెత్తబడి ఊడుతుంది, అది పొట్టును వదిలించడానికే, ఫంగస్ మీద దానికి పెద్దగా పట్టు లేదు. కోల్ టార్ రకం కూడా ఉంది, అంటే బొగ్గు తారు. దానితో చర్మానికి ఎండ తొందరగా తగులుతుంది, మన పాలమూరు, నల్లగొండ ఎండల్లో బండి మీద తిరిగే పోరగాళ్లకు నేను ఇవ్వను.

వాడే పద్ధతి జాగ్రత్తగా చదువు, నీకు కావలసింది ఇందులోనే ఉంది. వారానికి రెండుసార్లు, నువ్వు బేస్తారం, ఐతారం అని పెట్టుకో, గుర్తుంటుంది. మధ్యలో జిడ్డు అనిపిస్తే మామూలు షాంపూ వాడుకోవచ్చు. ముందు నీళ్లతో తల బాగా తడుపు. దుమ్ము, జిడ్డు ఎక్కువ ఉన్న రోజు మామూలు షాంపూతో ఒకసారి కడిగేసి తర్వాత మందు పెట్టు, లేకపోతే మందు జిడ్డు మీదే ఆగిపోతుంది. రెండు చెంచాలంత చేతిలోకి తీసుకుని వెంట్రుకలకు కాదు, వేళ్లతో పాయలు తీస్తూ కుదుళ్లకు పట్టించు. షాంపూ అనే మాట ఇంగ్లిషుకు మన దేశం నుంచే పోయింది తెలుసా, హిందీలో చాంపో అంటే నొక్కు అని. అట్లా వేలి కొసలతో నొక్కుతూ పట్టించు, గోళ్లతో గీరకు, గీరితే పుండ్లవుతాయి. ఆ నురగనే కొంచెం కనుబొమ్మలకు, ముక్కు పక్కలకు, గడ్డానికి పూయి, కళ్లలో పడకుండా. ఇక ఐదు నిమిషాలు ఆగు. ఐదు నిమిషాలు అంటే మనకు రెండు నిమిషాలకే అయిపోయినట్టు అనిపిస్తుంది, ఫోన్లో ఒక పాట పెట్టుకో, పాట అయ్యేదాకా ఒళ్లు రుద్దుకో, తర్వాత నీళ్లు పోసుకో. చలికాలం పొద్దున అంత సేపు తడి తలతో నిలబడలేను అంటే రాత్రి దుకాణం నుంచి వచ్చాక చెయ్, ఎవరు వద్దన్నారు.

ఇట్లా నాలుగు వారాలు, ఎనిమిది తలస్నానాలు. నీ పొట్టి జుట్టుకు 100 మిల్లీలీటర్ల సీసా ఒకటి సరిపోతుంది. రెండో వారం చివర దురద తగ్గుతుంది, రాలేది కూడా సగానికి వస్తుంది. అక్కడే అందరూ బోల్తా పడతారు. తగ్గింది కదా అని సీసా గూట్లో పెట్టేస్తారు. నీకు "మొదటి వారం బాగుంటుంది, తర్వాత మామూలే" అయింది కూడా ఇందువల్లే కావచ్చు. ఆ ఫంగస్ ఎక్కడికీ పోలేదు, సంఖ్య తగ్గిందంతే, తిండి ఉన్నంతకాలం మళ్లీ పెరుగుతుంది. కాబట్టి నాలుగు వారాల తర్వాత కూడా వారానికో, రెండు వారాలకో ఒక్కసారి అదే మందు, అదే ఐదు నిమిషాలు. ఎన్నాళ్లు అని అడుగుతావు. చాలా ఏళ్లు, తమ్మీ. పూర్తిగా పోగొట్టే మందు ఏ దుకాణంలోనూ లేదు, ఉందని ఎవరైనా అమ్మితే వాడి దగ్గర కొనకు. చలికాలంలో పెరుగుతుంది, నిద్ర తక్కువైనా టెన్షన్ ఎక్కువైనా పెరుగుతుంది, దసరా, దీపావళి గిరాకీ రోజుల్లో నీకు రెండూ ఉంటాయి కాబట్టి ఆ నెలలో మళ్లీ వారానికి రెండుసార్లకు మారు.

దోస్తు ఇచ్చిన ట్యూబు గురించి. పేరు రాయలేదు నువ్వు, కానీ రాసినన్ని రోజులు తగ్గి ఆపగానే తిరిగొచ్చిందంటే అందులో స్టెరాయిడ్ ఉందని నాకు గట్టి అనుమానం. వెనక బీటామెథసోన్ అనో క్లోబెటసాల్ అనో ఉందేమో చూడు. మన దగ్గర గజ్జికి, తామరకు, మొటిమలకు, తెల్లబడటానికి అన్నింటికీ ఇదే ట్యూబు చేతులు మారుతుంటుంది. అసలు డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడనివి అవి. ఎర్రదనం అణిగిపోతుంది కాబట్టి తగ్గిందనుకుంటాం, ముఖం మీద నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి, సన్నని నరాలు తేలి, ఎండకు మండుతుంది, ఇక ఆ ట్యూబు లేకుండా ఉండలేని పరిస్థితి వస్తుంది. నువ్వు పది రోజులే రాశావు, ఏం కాదు, మళ్లీ రాయకు. దోస్తుకు వాపసు కూడా ఇవ్వకు, చెత్తలో వెయ్, కానీ చివర్లో మీ అక్క కొడుకు గురించి చెప్పేది చదివాకే.

బాబాయి చెప్పిన ఫ్లోరైడ్ సంగతి. నల్లగొండవాళ్లకు ఫ్లోరైడ్ గురించి నేను చెప్పేదేముంది, మర్రిగూడ వైపు వంగిపోయిన వెన్నులు, గారపట్టిన పళ్లు చూసి పెరిగినవాళ్లు మీరు. పటిక, సున్నం కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ప్రపంచమంతా నల్లగొండ టెక్నిక్ అనే పేరు. అది తాగితే ఎముకల్ని, పళ్లను పట్టే జబ్బు. నెత్తి మీద పోసుకుంటే చుండ్రు తెస్తుందనేదానికి ఆధారం లేదు. కానీ బాబాయిని పూర్తిగా కొట్టిపారేయకు. బోరు నీళ్లు గడుసు నీళ్లు, వాటిలో సున్నం లాంటి లవణాలు ఎక్కువ. ఆ నీళ్లలో ఒంటి సబ్బుతో తల రుద్దుకుంటే నురగ రాదు, సబ్బు విరిగి తెల్లటి పిప్పిలా వెంట్రుకలకు పట్టుకుని, ఆరాక చుండ్రులాగే రాలుతుంది. మీ ఇంట్లో తలకు కూడా ఒంటి సబ్బు వాడే అలవాటుంటే ముందు అది మానేయండి. మిషన్ భగీరథ నల్లా నీళ్లు వచ్చే పూట ఒక బకెట్ పక్కన పెట్టుకుని చివర్లో రెండు మగ్గులు అవి పోసుకో, జుట్టు చిక్కు పడకుండా ఉంటుంది. అంతకు మించి నీళ్ల మీద నెపం వేయొద్దు.

గుండు సంగతి నాయనమ్మకు మెల్లగా చెప్పాలి. మొక్కు ఉంటే యాదగిరిగుట్టకు పో, కళ్యాణకట్టలో తలనీలాలు ఇచ్చి రా, దానికి నేనెందుకు అడ్డం చెప్తాను. జుట్టు లేనన్ని రోజులు మందు చర్మానికి సూటిగా తగులుతుంది, ఆ లాభం ఉంది. చుండ్రు పోవడానికే అయితే అనవసరం. ఫంగస్ ఉండేది చర్మం మీద, దానికి తిండిపెట్టే జిడ్డు గ్రంథులు గుండుతో పోవు. జుట్టు తిరిగొచ్చేలోపే అదీ తిరిగొస్తుంది.

ఇంట్లో చేసేవాటి గురించి నువ్వు అడగలేదు కానీ ఎవరో ఒకరు చెప్తారు. కుంకుడుకాయ రసం మంచిదే, జిడ్డు బాగా వదిలిస్తుంది, మా అమ్మ మాకు బతుకమ్మ పండుగ తలస్నానాలు దానితోనే పోసేది, కళ్లు మండి ఏడ్చేవాళ్లం. మందు పని అది చేయదు. పెరుగు చల్లగా ఉంటుంది, అంతే. నిమ్మరసం మాత్రం వద్దు. డిగ్రీ రోజుల్లో ఎవరో చెప్తే రుద్దుకుని, సరిగా కడుక్కోకుండా చేను దగ్గరకు పోయాను, ఎండకు నుదురంతా పొక్కులు లేచి నల్ల మచ్చలు పడ్డాయి, అవి పోవడానికి నెలలు పట్టింది. నిమ్మరసం చర్మం మీదుండగా ఎండ తగిలితే అట్లాగే కాలుతుంది.

నువ్వు ఊరి నుంచి మిర్యాలగూడకు బండి మీదే పోతుంటావనుకుంటా. హెల్మెట్ మానకు, చుండ్రు కోసం తలకాయ పోగొట్టుకోవద్దు. తడి తల మీద పెట్టకు, కింద ఒక నూలు దస్తీ కట్టుకుని రోజూ ఉతుకు, లోపలి మెత్తని బట్ట ఊడేదైతే వారానికోసారి ఉతికి ఎండలో వెయ్. దుకాణంలోకి పోయే ముందు దువ్వెనతో ఒకసారి బయటే దులుపుకుని అప్పుడు నల్ల చొక్కా వేసుకో, మొదటి రెండు వారాలు అదన్నా సేటు నోరు మూయిస్తుంది.

నాలుగు వారాలు నేను చెప్పినట్టే చేసి కూడా తేడా లేకపోతే ఇంకో సీసా కొనకు, చర్మం డాక్టర్ దగ్గరకు పో. నెత్తి మీద మందంగా వెండి పొరల్లాంటివి కట్టి, జుట్టు మొదలయ్యే చోటు దాటి నుదుటి మీదకు వస్తే, మోచేతులు, మోకాళ్ల మీద కూడా అట్లాంటి మచ్చలుంటే, గోళ్ల మీద సూదితో పొడిచినట్టు గుంటలుంటే అది సోరియాసిస్ కావచ్చు, దాని వైద్యం వేరు. రసి కారినా, మెడ దగ్గర గడ్డలు వచ్చినా కూడా ఆగొద్దు. నల్లగొండ పెద్దాసుపత్రికి మెడికల్ కాలేజీ వచ్చాక చర్మానికి వేరే విభాగం ఉంది, ఓపీ చీటీ రాయించుకుంటే చూస్తారు, ముందు ప్రైవేటుకే పోవాలని లేదు.

ఇప్పుడు మీ అక్క కొడుకు. నీ ఉత్తరంలో చివర్లో రెండు ముక్కలు రాసి వదిలేశావు కానీ, నాకు నీ చుండ్రు కన్నా వాడి సంగతే తొందరగా అనిపిస్తోంది. ఆరేళ్ల పిల్లలకు పెద్దవాళ్ల చుండ్రు రావడం తక్కువ, ఆ వయసులో నెత్తి మీద అంత జిడ్డు ఊరదు. పొట్టు లేస్తూ ఒక చోట జుట్టు ఊడిందంటే అది నెత్తికి వచ్చిన తామర కావచ్చు. దగ్గరగా చూడమను, ఊడిన చోట వెంట్రుకలు చర్మం దగ్గరే తెగిపోయి నల్ల చుక్కల్లా కనపడుతున్నాయా? నున్నగా, పొట్టు లేకుండా ఉంటే పేనుకొరుకుడు అనుకోవచ్చు, పొట్టుతో ఉంటే తామర వైపే అనుమానించాలి. రెండింటికీ ఇంట్లో ఏదీ రుద్దొద్దు, పేనుకొరుకుడు అని ఎవరో చెప్పిన ఆకు రుద్ది పుండు చేసుకుని వచ్చిన పిల్లల్ని చూశాను.

ఆ తామర వెంట్రుక లోపలికి పోయి కూర్చుంటుంది, షాంపూ అంత లోతుకు పోదు. నోటి ద్వారా మందు వారాల తరబడి వాడాలి, అది పిల్లవాడి బరువు చూసి డాక్టర్ రాయాలి. షాంపూ తోడుగా ఇస్తారేమో, ఇంకొకరికి అంటకుండా, అదొక్కటే సరిపోదు. నీ చుండ్రు అంటుకోదు అన్నాను కదా, వాడిది అంటుకుంటుంది, దువ్వెన, టోపీ, తువ్వాలు, దిండు, కటింగ్ షాపు మిషను, అన్నింటి నుంచీ. అవన్నీ వేరు పెట్టమను, ఇంట్లో మిగతా పిల్లల నెత్తులు కూడా చూడమను. కుక్కపిల్లతోనో పిల్లికూనతోనో ఆడుతుంటాడేమో అడుగు, వాటి నుంచి కూడా వస్తుంది. ఆలస్యం చేస్తే కొందరికి చీముతో మెత్తగా ఉబ్బి, మానాక ఆ చోట మళ్లీ జుట్టు మొలవకపోవచ్చు.

అన్నిటికన్నా ముఖ్యం, నీ దోస్తు ట్యూబు మీ అక్క ఇప్పటికే వాడికి రాసిందేమో కనుక్కో. రాసి ఉంటే ఆపించి, ఆ ట్యూబు వెంట పట్టుకుపోయి డాక్టర్‌కు చూపించమను, ఎందుకంటే స్టెరాయిడ్ రాసిన తామర రూపం మారి గుర్తు పట్టకుండా అవుతుంది. ఐతారం దాకా ఆగొద్దు, రేపు బడి మాన్పించైనా తీసుకుపోనీ.